పదమూడు మంది, ఒకే బల్ల

సిలువ వేయడానికి ముందు రాత్రి యేసు తన పన్నెండుమంది శిష్యులతో కలిసి చేసిన భోజనాన్ని యూరప్ చిత్రకారులు పదిహేను వందల ఏళ్లుగా వేస్తూనే ఉన్నారు. తెలుగునాట క్రైస్తవుల ఇళ్లలో భోజనాల బల్ల పైన వేలాడే పటం మాత్రం చాలావరకు లియొనార్డో డావిన్చి బొమ్మకు నకలే అయివుంటుంది. అందుకే చాలామందికి ప్రభువు రాత్రి భోజనం అంటే అదే గది, అదే పొడవాటి బల్ల. లియొనార్డోకు ముందూ తరవాతా అదే కథను అవే పాత్రలతో వేసినవాళ్లు ఎందరో ఉన్నారు. ఆ బొమ్మల్ని పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ముఖాల్లో కన్నా గదిలో ఎక్కువగా తెలుస్తుంది. బల్లను ఎటు తిప్పారు, గదికి ఎంత లోతు ఇచ్చారు, చూసేవాళ్లను ఎక్కడ నిలబెట్టారు అన్నదాన్ని బట్టి కథలో ఏ ముక్క మనకు వినిపిస్తుందో మారిపోతుంది.

సువార్తల ప్రకారం ఆ రాత్రి ముఖ్యంగా రెండు సంగతులు జరిగాయి. తనను శత్రువులకు పట్టించేవాడు ఈ బల్ల దగ్గరే ఉన్నాడని యేసు చెప్పాడు. రొట్టె విరిచి, ద్రాక్షారసం గిన్నె అందించి, వాటిని తన శరీరంగా, తన రక్తంగా తీసుకోమన్నాడు. మొదటిది నమ్మకద్రోహం కథ. రెండోది ఈనాటికీ చర్చిల్లో బల్ల ఆరాధనగా, దివ్యపూజగా సాగుతున్న సంస్కారానికి మూలం. చిత్రకారుడు ఈ రెంటిలో ఏదో ఒకటి ఎంచుకోవాలి, లేదా రెంటినీ ఒకే చోట ఇమడ్చాలి.

దానికి ముందు మరీ మామూలు చిక్కు ఒకటుంది. పదమూడు మందిని బల్ల చుట్టూ కూర్చోబెడితే సగంమంది వీపులే కనిపిస్తాయి. అందరినీ ఒకే వైపు కూర్చోబెడితే నాటకంలా ఉంటుంది. పైగా తలల చుట్టూ కాంతివలయాలు వేయాలి. యేసును పట్టించే ఇస్కరియోతు యూదా ఎవరో చూడగానే తెలియాలి. ఏడెనిమిది వందల ఏళ్లపాటు చిత్రకారుల తెలివంతా ఈ కుర్చీల లెక్క చుట్టూ తిరిగిందంటే అతిశయోక్తి కాదు.

ఇటలీలోని రవెన్నాలో సాంత్ అపొల్లినారే నువొవొ చర్చి గోడ మీద ఆరో శతాబ్దపు తొలినాళ్లనాటి మొజాయిక్ ఉంది. అందులో కుర్చీలే లేవు. రోమన్ల ఆచారం ప్రకారం అందరూ అర్ధచంద్రాకారపు బల్ల చుట్టూ మోచేతి మీద ఒరిగి ఉన్నారు. యేసు ఎడమ కొసన, ఆనాటి విందుల్లో పెద్దకు ఇచ్చే చోట ఉన్నాడు. బల్ల మధ్యలో పళ్లెం, అందులో రెండు చేపలు. వెనక గది లేదు, గోడ లేదు, బంగారు రంగు ఒక్కటే ఉంది. ఆ కళాకారుడికి లోతు చూపడం చేతకాక కాదు. ఈ విందు ఫలానా ఇంట్లో, ఫలానా వేళ జరిగిందని చెప్పడం అతని ఉద్దేశమే కాదు.

గది వచ్చింది పద్నాలుగో శతాబ్దం మొదట్లో. పాదువాలోని స్క్రొవెన్యీ ప్రార్థనాలయంలో జోత్తో సుమారు 1305లో తడి సున్నం మీద వేసిన ఫ్రెస్కోలో సన్నని స్తంభాల మీద నిలిచిన చిన్న మంటపం లాంటి గది, దానికి ముందు గోడ తీసేసినట్టు ఉంటుంది. శిష్యులు బల్లకు రెండు వైపులా బెంచీల మీద కూర్చున్నారు. ఇవతలి బెంచీ మీద ఉన్నవాళ్లు బల్లవైపు తిరిగి ఉన్నారు కనుక మనకు వీపులు కనిపిస్తాయి. ఇక్కడే కాంతివలయం పేచీ వచ్చింది. జోత్తో దాన్ని గట్టి పళ్లెంలా అనుకుని తలకు అవతలి వైపు పెట్టాడు. దాంతో వీపు తిప్పిన శిష్యుల ముఖాల ముందు ఆ పళ్లెం అడ్డంగా నిలిచింది, వాళ్లకు ఎదుట ఉన్న అన్నం కూడా కనబడనంతగా. మనుషుల్ని బరువూ మందమూ ఉన్నవాళ్లుగా వేయడం అప్పుడే నేర్చుకుంటున్న చేతికి, గాలిలో తేలే వెలుగును ఏం చేయాలో తోచలేదు.

కొద్ది ఏళ్లకే సియెనాలో దూచ్చో అదే పేచీని ఇంకోలా తీర్చాడు. 1308లో మొదలుపెట్టి 1311లో పూర్తిచేసిన 'మయెస్తా' అనే పెద్ద పూజాపీఠపు చిత్రం వెనక వైపు చిన్న పలకల మీద యేసు జీవితఘట్టాలున్నాయి. వాటిలో ఈ భోజనం ఒకటి. అందులో ఇవతలి బెంచీ మీద కూర్చున్నవాళ్లకు కాంతివలయాలే లేవు. వేస్తే బల్ల మీది పళ్లేలు, అవతలి ముఖాలు కప్పబడిపోతాయి. అందుకని ఆ శిష్యుల పవిత్రతను కాసేపు పక్కన పెట్టాడన్నమాట. బల్లను కూడా ముందుకు వాల్చి, పైనుంచి చూసినట్టు వేశాడు. రొట్టెలు, కత్తులు, గిన్నెలు అన్నీ లెక్కపెట్టుకోవచ్చు. పైకప్పు దూలాల గీతలు మాత్రం దేని దారి దానిది, ఒక చోట కలవవు. దీన్ని పొరపాటు అనడం తేలికే. కానీ బల్ల మీద ఏముందో, బల్ల అవతల ఎవరున్నారో ఒకేసారి చూపాలనుకున్నవాడికి ఇంతకన్నా మంచి దారి లేదు. ఫొటోలకు అలవాటు పడిన కళ్లతో చూస్తేనే అది తప్పుగా తోస్తుంది.

దూలాల గీతల్ని ఒక చోటికి చేర్చే పద్ధతి పదిహేనో శతాబ్దంలో ఫ్లారెన్స్‌లో పుట్టింది. వాస్తుశిల్పి బ్రునెల్లెస్కీ దాన్ని ప్రయోగం చేసి చూపితే, అల్బెర్తీ 1435లో చిత్రకళ మీద రాసిన పుస్తకంలో సూత్రీకరించాడు. సారాంశం ఇది: చూసేవాడి కన్ను ఒకే చోట కదలకుండా ఉందనుకోవాలి. అప్పుడు లోపలికి పోయే సమాంతర గీతలన్నీ, రైలు పట్టాలు దూరాన కలిసినట్టు, బొమ్మలో ఒకే బిందువు దగ్గర కలుస్తాయి. వస్తువులు ఎంత దూరం పోతే ఎంత చిన్నవవుతాయో లెక్క కట్టవచ్చు. దీన్నే పర్‌స్పెక్టివ్ అంటారు. ఈ పద్ధతి వచ్చాక చిత్రకారుడి చేతిలో కొత్త అధికారం పడింది. గీతలు కలిసే చోటు ఎక్కడ పెడితే చూసేవాడి చూపు అక్కడికి జారుతుంది.

ఈ విందును ఎక్కువగా వేసింది సన్యాసుల మఠాల్లోని భోజనశాలల గోడల మీద. మౌనంగా తింటున్నవాళ్లు తలెత్తితే ఎదురుగా యేసు కూడా అదే హాల్లో తింటున్నట్టు కనబడాలి. ఫ్లారెన్స్‌లో సాంత్ అపొల్లొనియా సన్యాసినుల మఠంలో ఆంద్రెయా దెల్ కస్తాన్యో 1447లో వేసిన ఫ్రెస్కో దాదాపు పది మీటర్ల వెడల్పు ఉంటుంది. గోడకు ఒక రాతి పెట్టె గుచ్చినట్టు, నిటారుగా, కఠినంగా ఉండే గది అది. వెనక గోడంతా రంగురంగుల పాలరాతి పలకలు. శిష్యులంతా అవతలి వైపు విగ్రహాల్లా కూర్చున్నారు. యూదా ఒక్కడే ఇవతలి వైపు, నల్లని గడ్డంతో, పక్కకు తిరిగి ఉన్నాడు. బల్ల మీది తెల్లని గుడ్డ అతన్ని మిగతావాళ్ల నుంచి గీత గీసి వేరుచేసినట్టు ఉంటుంది. అసలు గమ్మత్తు పలకల్లో ఉంది. తక్కిన పలకలు ప్రశాంతంగా ఉంటే యేసు, పేతురు, యూదాల తలల మీదుగా ఉన్న పలకలో మాత్రం ఎరుపు, తెలుపు, నలుపు చారలు పిడుగులు పడ్డట్టు చీలిపోతాయి. మనుషుల ముఖాల్లో కనబడని కల్లోలాన్ని కస్తాన్యో రాతిలో పెట్టాడు. మఠంలోకి బయటివాళ్లను రానిచ్చేవారు కాదు కనుక పందొమ్మిదో శతాబ్దంలో అది మూతబడేదాకా లోకానికి ఈ బొమ్మ సంగతే తెలియదు.

గిర్లాందాయో స్వభావం దీనికి పూర్తిగా వేరు. అదే ఫ్లారెన్స్‌లో ఒన్యిస్సాంతి మఠం భోజనశాలలో 1480లో అతను వేసిన గదిలో ఊపిరి ఆడుతుంది. భోజనశాల కప్పుకు నిజంగా ఉన్న కమానుల వరసను బొమ్మలోనూ కొనసాగించాడు. దాంతో కట్టడం ఎక్కడ ఆగిందో, రంగు ఎక్కడ మొదలైందో తేల్చుకోవడం కష్టం. గది వెనక తోట, పళ్లచెట్లు, ఎగిరే పక్షులు, కిటికీ దగ్గర నెమలి. యూదా ఇక్కడా ఇవతలి వైపే. కానీ ఎవరూ పెద్దగా కలవరపడినట్టు లేరు. సాన్ మార్కో మఠంలో కొన్నేళ్ల తరవాత ఇదే ఏర్పాటును మళ్లీ వేసినప్పుడు యూదా పక్కన నేల మీద ఒక పిల్లిని కూర్చోబెట్టాడు. కథలో ఉన్న భయం అంతా ఆ పిల్లికే అప్పజెప్పినట్టుంది.

మిలాన్‌లో సాంత మరియా దెల్లే గ్రాత్సియే మఠం భోజనశాలలో లియొనార్డో సుమారు 1495 నుంచి 1498 దాకా పనిచేశాడు. వేయించింది మిలాన్ పాలకుడు లుదొవీకో స్ఫోర్జా. బొమ్మ 4.6 మీటర్ల ఎత్తు, 8.8 మీటర్ల వెడల్పు. మొదటి మార్పు యూదాను లేపి అందరితో పాటు అవతలి వైపు కూర్చోబెట్టడం. వెలివేసినట్టు ఒంటరిగా కూర్చున్నవాణ్ణి చూపిస్తే, తమలో ఎవరు ఆ పని చేస్తారని శిష్యులు అడగడంలో అర్థం లేదు. దోషి ఎవరో తెలియకపోవడమే ఆ క్షణపు ప్రాణం. లియొనార్డో యూదాను గుంపులో కలిపి, ముఖాన్ని నీడలోకి నెట్టాడు. అతను వెనక్కి జంకి, కుడి చేత్తో డబ్బు సంచి బిగించి పట్టుకున్నాడు. ఎడమ చెయ్యి యేసు చెయ్యి చాపుతున్న పళ్లెం వైపే సాగుతోంది. చూసేవాళ్లు వెతికితే దొరుకుతాడు, వెతక్కపోతే దొరకడు.

రెండో మార్పు గదిలో. పక్క గోడలకు వేలాడే తెరలు, పైకప్పు చట్రాలు అన్నీ లోపలికి పరిగెత్తి యేసు కుడి కణత దగ్గర కలుస్తాయి. బాగుచేసేటప్పుడు అక్కడ మేకు దిగ్గొట్టిన గుంట బయటపడింది. ఆ మేకుకు దారం కట్టి గీతలు గీశారన్నమాట. తల వెనక కిటికీ ఉంది, అందులో సాయంత్రపు ఆకాశం. బంగారు వలయం అవసరం లేకుండా ఆ వెలుగే వలయమైంది. జోత్తోను, దూచ్చోను ఇబ్బంది పెట్టిన చిక్కు రెండు శతాబ్దాల తరవాత ఒక కిటికీతో తీరింది. శిష్యులు ముగ్గురేసి నాలుగు గుంపులయ్యారు. యేసు చెప్పిన మాట మధ్య నుంచి రెండు కొసలకూ పాకి, మళ్లీ వెనక్కి కొట్టినట్టు చేతులు లేస్తాయి. తోమా వేలు పైకెత్తాడు, పేతురు చేతిలో కత్తి ఉంది, యోహాను ఎప్పటిలా యేసు రొమ్మున వాలకుండా పేతురు వైపు ఒరిగాడు. అలా ఏర్పడిన ఖాళీలో యేసు ఒంటరి.

ఇంత లెక్క కట్టినవాడు లెక్క తప్పించిన చోట్లు కూడా ఉన్నాయి. ఆ బల్ల దగ్గర పదమూడు మంది నిజంగా కూర్చుంటే పట్టరు. ఈ గది కొలతలకు సరిగ్గా కుదిరే చూపు నేలకు నాలుగున్నర మీటర్ల ఎత్తున ఉండాలి, అక్కడ ఎవరూ నిలబడలేరు. బొమ్మలో వెలుగు మాత్రం భోజనశాలకు నిజంగా కిటికీలున్న ఎడమ వైపు నుంచే వస్తుంది. అంటే గది మఠంలోనిదే అనిపించాలి, కానీ సన్యాసులు తినే హాలుకు అచ్చంగా పొడిగింపు అనిపించకూడదు. గిర్లాందాయో భ్రమ కల్పించాడు, లియొనార్డో భ్రమను మొదలుపెట్టి మధ్యలో తెంచాడు.

తడి సున్నం మీద ఫ్రెస్కో వేయాలంటే పూత ఆరేలోగా పని ముగించాలి. తీరిగ్గా దిద్దుకునే అలవాటున్న లియొనార్డో పొడి గోడ మీద వేశాడు. ఫలితంగా రంగు ఆయన బతికుండగానే పెచ్చులు ఊడటం మొదలైంది. 1652లో గోడలో గుమ్మం తెరిచినప్పుడు యేసు పాదాలు పోయాయి. 1943 ఆగస్టు బాంబుదాడిలో భోజనశాల కూలినా ఇసుక బస్తాల చాటున ఈ గోడ నిలబడింది. 1978లో మొదలైన మరమ్మతు పూర్తయ్యేసరికి 1999 వచ్చింది. పాదాలు ఎలా ఉండేవో తెలుసుకోవాలంటే లియొనార్డో శిష్యులు వేసిన పాత నకళ్లే దిక్కు.

ఇటలీ బయట దారి వేరు. ఇప్పుడు బెల్జియంలో ఉన్న లూవెన్ పట్టణంలో డిర్క్ బౌట్స్ 1464-68 మధ్య వేసిన బొమ్మకు ఇద్దరు వేదాంత పండితులు సలహాదారులు. అందుకే ద్రోహం ఊసు తగ్గి, యేసు రొట్టెను దీవించడం ముందుకొచ్చింది. గది నిజంగా ఆ ఊరి ఇల్లే. గీతలు యేసు తల పైన పొయ్యి చట్రం మీద కలుస్తాయి. పక్క గదికి మాత్రం వేరే బిందువు ఉంది. చూపు కదలకూడదన్న నియమాన్ని బౌట్స్ అంత పట్టించుకోలేదు. జర్మనీలో డ్యూరర్ 1523లో చెక్కిన అచ్చుబొమ్మలో శిష్యులు పదకొండుగురే. యూదా అప్పటికే వెళ్లిపోయాడు. అతన్ని ఎక్కడ కూర్చోబెట్టాలన్న ప్రశ్నకు ఇంత తేలిక జవాబు ఇంకెవరికీ తోచలేదు.

వెనిస్‌లో గది బాగా పెరిగి అసలు విందునే మింగబోయింది. 1573లో వెరోనీస్ ఒక మఠం భోజనశాల కోసం వేసిన తైలవర్ణచిత్రం వెడల్పు సుమారు 13 మీటర్లు. మూడు పెద్ద పాలరాతి కమానులు, మెట్లు, వెనక భవనాలు. యేసు మధ్య కమాను కిందే ఉన్నా ఆయన చుట్టూ సేవకులు, మరుగుజ్జులు, కుక్క, ముక్కు నుంచి రక్తం కారుతున్న మనిషి, ఆయుధాలు పట్టిన జర్మన్ సైనికులు. ఆ ఏడాది జులైలో మత విచారణ సభ అతన్ని పిలిచి వీళ్లందరికీ ఇక్కడేం పని అని అడిగింది. స్థలం మిగిలింది కనుక నింపానన్నది అతని జవాబు సారాంశం. సొంత ఖర్చుతో దిద్దమని ఆదేశిస్తే బొమ్మ జోలికి దాదాపుగా పోకుండా పేరు మార్చి 'లేవీ ఇంట విందు' అన్నాడు. అంత పెద్ద స్థలం తీసుకున్నాక కథ పలచబడుతుందన్న సభ అనుమానం పూర్తిగా తప్పేమీ కాదు. బొమ్మ గొప్పదే, కానీ అందులో ఆ రాత్రి లేదు.

అదే వెనిస్‌లో ఆ రాత్రిని పట్టుకున్నవాడు తింతొరెత్తో. ఈ ఘట్టాన్ని అతను చాలాసార్లు వేశాడు. 1547లో సాన్ మార్కువొలా చర్చికి వేసినప్పుడు బల్ల మామూలుగా అడ్డంగానే ఉంది. చనిపోయే ముందు, 1592-94 మధ్య, సాన్ జోర్జో మజ్జోరే చర్చికి వేసేసరికి బల్ల పూర్తిగా తిరిగిపోయింది. ఎడమ వైపు కింది నుంచి కుడి పైకి మూలగా చీకట్లోకి పోతుంది. గీతలు కలిసే చోట యేసు లేడు, చీకటే ఉంది. యేసు బల్ల నడుమ ఎక్కడో, చిన్నగా, నిలబడి శిష్యుడి నోటికి రొట్టె అందిస్తున్నాడు. అందరిలో పెద్ద వెలుగు ఆయన తల చుట్టూ ఉండబట్టే గుర్తుపట్టగలం. ముందు భాగమంతా పనివాళ్లదే. ఒకామె పళ్లెం పట్టుకుని ఉంది, ఒక పిల్లి బుట్టలోకి తొంగిచూస్తోంది. వేలాడే దీపం పొగలోంచి దేవదూతలు రూపు కడుతున్నారు.

ఈ మలుపుకు బలమైన కారణం ఉంది. ఇది భోజనశాల బొమ్మ కాదు. చర్చిలో పూజాపీఠం పక్క గోడకు ఉంది. హాల్లో నిలబడ్డ భక్తులు దాన్ని ఎదురుగా కాక ఏటవాలుగా చూస్తారు. అలా చూసినప్పుడు లియొనార్డో బొమ్మ లాంటి సమతూకం నిలవదు. పక్కనే గురువు రొట్టె పంచే పీఠం ఉంది కనుక ద్రోహం కన్నా రొట్టె ముఖ్యం. యూదా బల్లకు ఇవతల వలయం లేకుండా ఉన్నా ఎవరూ అతన్ని పట్టించుకోరు. తినే చోట పట్టించేవాడి కథ, పంచే చోట రొట్టె కథ: ఈ బొమ్మల్ని వేరుచేసే గీత శైలి కన్నా ముందు ఇక్కడే పడింది.

లియొనార్డో ఏర్పాటును కాదనడానికి తరవాతివాళ్లకు దాన్ని ముందు ఒప్పుకోవాల్సి వచ్చింది. ఇటలీ వెళ్లని రెంబ్రాంట్ లియొనార్డో బొమ్మకు నకలైన అచ్చుబొమ్మను చూసి 1634-35 ప్రాంతంలో ఎర్ర సుద్దతో నకలు గీశాడు. గీస్తూ గీస్తూ యేసు వెనక ఒక పందిరిని మధ్యకు కాక పక్కకు జరిపి పెట్టి, ఆ సమతూకాన్ని చెడగొట్టాడు. 1909లో నోల్డె గదినే తీసేశాడు. ముఖాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి, మధ్యలో యేసు చేతుల్లో గిన్నె. మన దేశంలో జామినీ రాయ్ యేసు బొమ్మల్లోనూ లోతు ఉండదు. పెద్ద పెద్ద కళ్లు, మందపాటి గీతలు, చదునైన రంగులు. రవెన్నా బంగారు గోడకు ఇది దగ్గరి చుట్టం. చదునుగా వేయడం వెనకబాటు కాదని రుజువు కావడానికి పద్నాలుగు శతాబ్దాలు పట్టింది.

ఈ వరసలో ఒక బొమ్మ చూడటానికి ఇటలీ వెళ్లనక్కర్లేదు. జర్మనీలో పుట్టి లండన్‌లో పేరు తెచ్చుకున్న యోహాన్ జోఫనీ కలకత్తాలో ఉండగా 1787లో సెయింట్ జాన్స్ చర్చికి ఈ విందును వేశాడు. శిష్యులకు నమూనాలు ఆనాటి కలకత్తా యూరోపియన్లేనని, యూదాకు ఒక వేలంపాటదారు ముఖం పెట్టాడని అంటారు. గదిలో గోడకు దేశవాళీ కత్తి వేలాడుతోంది, నేల మీద ఉమ్మితొట్టి, నీళ్లు మోసే తోలు సంచి ఉన్నాయి. కోల్‌కతాలో గవర్నర్ నివాసానికి దగ్గర్లోనే ఉన్న ఆ చర్చిలో బొమ్మను నేటికీ చూడవచ్చు.